‘వర్తించదు’ అని రాసేదాకా

మనుషులపై చేసే పరిశోధనలకు అనుమతిచ్చే నైతిక పరిశీలన కమిటీ నుంచి అనుమతి పత్రం నిన్న సాయంత్రం నా చేతికి వచ్చింది. కాలేజీలో గణితం బోధిస్తూనే పీహెచ్‌డీ చేస్తున్న నేను, ఆన్‌లైన్ పరీక్షలో కంప్యూటరు అప్పటికప్పుడు చూపే వ్యాఖ్యను చదివి విద్యార్థి తన తప్పును తానే దిద్దుకోగలడా అన్న విషయంపై పరిశోధిస్తున్నాను. 128 మంది జవాబు పత్రాలు దిద్ది ఇచ్చేసరికి మూడు వారాలు పడుతోంది. అప్పటికి ఆ పాఠం వాళ్ల మనసులోంచే పోతుంది.

మూడుల్ అనే ఆన్‌లైన్ బోధనా వేదికలో ప్రశ్నలు అమర్చడం నాలుగు రోజుల్లో ముగిసింది. అందులో పనిచేసే, బ్రిటన్ గణిత అధ్యాపకుడు క్రిస్ సాంగ్విన్ 2004లో ప్రారంభించిన స్టాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, జవాబును మాక్సిమా అనే కంప్యూటర్ బీజగణిత వ్యవస్థతో సరిచూస్తుంది కనుక, రూపం వేరైనా విలువ ఒకటే అయిన జవాబును తప్పు పట్టదు. కాస్ ఎక్స్ సమాకలనం అడిగితే సైన్ ఎక్స్ అని రాసి ఊరుకున్నవారికి చివర కలపాల్సిన స్థిరాంకం మరిచిపోయారని చెబుతుంది.

నన్ను ఏడిపించింది కమిటీ దరఖాస్తు. వైద్య పరిశోధనల కోసం తయారైన ఆ ఫారంలో రోగి వయసు, మందు మోతాదు, రక్త నమూనా పరిమాణం అనే గడులున్నాయి. ఖాళీగా వదిలేస్తే నెలన్నర తర్వాత ‘అసంపూర్ణం’ అన్న ఒక్క మాటతో తిరిగొచ్చింది. గీతలు పెట్టి మళ్లీ ఇచ్చాను. మళ్లీ అదే మాట. తర్వాత ఉదయం 10 గంటలకు రమ్మని, సాయంత్రం 4 దాకా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లగానే ఒక సభ్యుడు ఫైలు తెరవకుండానే, “పేపర్లు దిద్దే పని తప్పించుకోవడానికా మేడం ఇదంతా?” అన్నారు. పక్కన మినిట్స్ రాస్తున్న కుర్రాడు ఒకప్పటి నా విద్యార్థి. అతడు తల ఎత్తలేదు. పద్దెనిమిదేళ్లుగా ఒక్క పేపరు కూడా ఇతరుల చేత దిద్దించని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి దారి చూపింది సెక్షన్ గుమాస్తా. “గీత పెడితే ఖాళీ కిందే లెక్క మేడం, ప్రతి గడిలో ‘వర్తించదు’ అని రాయండి” అన్నాడు. రాశాను; అనుమతి వచ్చింది. మీరూ అలాగే రాయండి, నకలు మీద దరఖాస్తు అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోకుండా ఆ గది దాటకండి.

కమిటీ అడగవలసిన అసలు ప్రశ్న వేరే ఉంది: మార్కులు వేసే నేనే సమ్మతి అడిగితే ఏ విద్యార్థి కాదనగలడు? అందుకే సమ్మతి పత్రాలు వేరే విభాగపు అధ్యాపకురాలు తీసుకుంటారని, ఫలితాలు ప్రకటించేవరకు ఎవరు ఒప్పుకున్నారో నాకు తెలియదని దరఖాస్తులో ఒక పేజీ నిండా రాశాను. దాని గురించి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. సోమవారం మొదటి పరీక్ష. సమ్మతి పత్రాల కవరు ఆ అధ్యాపకురాలి బీరువాలోనే ఉంటుంది.