దిగేటప్పుడేటి అంత కంగారు?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి టెక్కలి వెళ్లడం అంటే ఏమిటో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. రైలు టికెట్లు బుకింగ్ తెరిచిన రోజే అయిపోతాయి. మామూలు రోజుల్లో పన్నెండొందలకు ఎక్కించుకునే ప్రైవేటు బస్సువాళ్లు 2025 జనవరి 12 రాత్రికి మూడు వేల రెండొందలు తీసుకున్నారు. అది చాలదన్నట్టు, నా చేతిలో పొడుగాటి థర్మాకోల్ పెట్టె చూసి ఇంకో నాలుగొందలు అడిగారు.

"ఏముంది సార్ ఇందులో, టీవీయా?" అన్నాడు క్లీనర్.

విమానం అన్నాను. నమ్మలేదు. డిక్కీలో సూట్‌కేసుల మధ్య పడేస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆ నాలుగొందలూ కట్టి, పెట్టెను బెర్తులో కాళ్ల వైపు నిలబెట్టుకుని, రాత్రంతా ముడుచుకుని పడుకున్నాను. బ్యాటరీలు చేతిసంచిలో, తల పక్కనే. లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి ప్రయాణం పెట్టుకోకూడదు. ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచి, ఎప్పుడూ కళ్ల ముందే పెట్టుకోవాలి. పెట్టెలో ఉన్నది రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానం, నా మొదటి జెట్. ముందు ప్రొపెల్లర్ ఉండదు, లోపల గొట్టంలో తిరిగే ఫ్యాన్ తోస్తుంది. ఎనభై మిల్లీమీటర్ల ఫ్యాన్, ఆరు సెల్‌ల బ్యాటరీ, మూడు కిలోల బరువు. ఏడాది పాటు దాచిన డబ్బుతో కొన్నాను. నాలుగొందల కోసం దాన్ని సూట్‌కేసుల పాలు చేసే ఓపిక నాకు లేదు.

టోల్‌గేట్ల దగ్గర బారులు తీరిన కార్లు. ఉదయం ఏడింటికి టెక్కలిలో దిగాల్సినవాళ్లం, ఏడింటికి ఇంకా వైజాగ్ కూడా రాలేదు. భోగాపురం దాటుతుంటే అక్కడ కడుతున్న ఎయిర్‌పోర్టు గురించి వెనక సీట్లో ఎవరో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నాకు గోపాలపట్నం గుర్తొచ్చింది. చిన్నప్పుడు అక్కడ అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మేడ ఎక్కితే ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు కనపడేవి. మా చెల్లికి పైకి లేచే విమానాలంటే ఇష్టం, పెద్ద చప్పుడు చేస్తాయని. నాకు దిగేవే ఇష్టం. అంత పెద్ద విమానం ముక్కు కాస్త పైకెత్తి, చక్రాలు వేలాడేసుకుని, గాలిలో నిలబడిందా అన్నట్టు మెల్లగా కిందికి జారేది. చెట్ల వెనక మాయమయ్యేదాకా రెప్ప వేసేవాణ్ని కాదు. ముప్పై ఏళ్ల తర్వాత ఈ పెట్టె మోసుకుని తిరగడానికి మొదలు అక్కడే ఉందనుకుంటాను.

భోగి మంట అయిపోయింది, బూడిద కూడా చల్లారాక చేరాను. భోగి, సంక్రాంతి రెండు రోజులూ చుట్టాలతో, పొంగడాలతో, నిద్రతో గడిచిపోయాయి. నేను ఎదురుచూసింది కనుమ రోజు కోసం.

మా పెద్దమ్మ కొడుక్కి టెక్కలి దగ్గర చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్ ఉంది. పదేళ్లుగా మోడల్ విమానాలు ఎగరేస్తున్నాడు. హైదరాబాద్‌లో నేను ఎగరేయాలంటే తెల్లవారుజామున లేచి, ఔటర్ దాటి, కాపలావాడితో మాట్లాడుకుని, పది మంది చేరేలోపు సర్దుకోవాలి. అన్నయ్యకు ఆ బాధ లేదు. కోటబొమ్మాళి వైపు హైవే పక్కన తెలిసినవాళ్ల వెంచర్ ఒకటి ఉంది. ముందు రంగురంగుల ఆర్చి, లోపల ముప్పై మూడడుగుల తారు రోడ్లు, వరసగా తెల్ల సున్నం వేసిన ప్లాటు రాళ్లు. ఇల్లు ఒక్కటి లేదు, కరెంటు స్తంభాలు ఇంకా పాతలేదు. నడిమి రోడ్డు రెండొందల మీటర్లు తిన్నగా ఉంటుంది. చిన్న చక్రాల జెట్‌కి గడ్డి పనికిరాదు, ఇలాంటి నేలే కావాలి. డ్రోన్ రూల్స్ ప్రకారం ఆ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట ఉందో లేదో అన్నయ్య ముందే మ్యాపులో చూసి పెట్టాడు. 120 మీటర్ల పైకి పోకుండా మన పని మనం చేసుకోవచ్చు.

కనుమ పొద్దున ఎనిమిదింటికి మంచు విడిచింది. తాటాకు కదలడం లేదు. టేకాఫ్ బాగుంది, రెండు రౌండ్లు బాగున్నాయి. ఫ్యాన్ ఈల వింటుంటే ఒళ్లు పులకరించింది. టైమర్ మోగింది. దించాలి.

నాకున్న ఐదేళ్ల అనుభవమంతా ప్రొపెల్లర్ విమానాలది. దాని ప్రకారమే చేశాను. రోడ్డు చివర ఆర్చి దాటగానే థ్రాటిల్, అంటే ఫ్యాన్ వేగం పెంచే తగ్గించే మీట, పూర్తిగా తీసేశాను. విమానం జారుతూ వస్తుందనుకున్నాను. అది జారలేదు, దిగబడింది. రోడ్డు అందదేమో అనిపించి థ్రాటిల్ తోశాను. ఫ్యాన్ అందుకునేలోపే వెనక చక్రాలు తారును గట్టిగా కొట్టాయి. విమానం మీటరు ఎత్తుకి ఎగిరింది. భయంతో, ముక్కును పైకీ కిందికీ వంచే ఎలివేటర్‌ని కిందికి నొక్కాను. ఈసారి ముందు చక్రం మొదట తగిలింది. టక్ మని ఒక శబ్దం. ముక్కు తారు మీద ఈడ్చుకుంటూ వెళ్లి ప్లాటు రాయికి జానెడు దూరంలో ఆగింది.

అన్నయ్య తిట్టలేదు. విమానాన్ని ఎత్తి, తిప్పి చూసి, ఒక్క మాటే అన్నాడు. "నువ్వు దించలేదురా తమ్ముడూ. ఒగ్గీసావు." వదిలేశావని.

యూనిట్‌కి కనుమ సెలవు. తాళం తీసి లోపలికి తీసుకెళ్లాడు. గోడకు ఆనించిన పాలిష్ పలకలు, టెక్కలి బ్లూ అని దేశదేశాలకు పోయే రాయి, బూడిద రంగులో నీలపు మెరుపుతో. నేల మీద ఆరిన రాతి గుజ్జు. ముందు చక్రం కాలు బాగానే ఉంది. కానీ అది మడుచుకునే గూటిలో బిగించిన పిన్ను వంగిపోయింది. మూడు మిల్లీమీటర్ల పిన్ను, చిటికెన వేలంత పొడవు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వారం పడుతుంది, నా తిరుగు బస్సు ఎల్లుండి. అన్నయ్య సొరుగు వెతికి మొద్దుబారిన డ్రిల్ బిట్ ఒకటి తీశాడు. దాని తోక భాగం గుండ్రంగా, సరిగ్గా అదే లావు. గ్రైండర్ మీద పెట్టాడు, నిప్పురవ్వలు లేచాయి. కొలిచి కోసి, అంచు అరగదీసి, స్క్రూ పట్టు కోసం ఒక పక్క చదును చేశాడు. గూటిలో పెడితే కొత్తదానికంటే గట్టిగా కూర్చుంది. మొత్తం ఇరవై నిమిషాలు.

ఆ పని చేస్తూనే చెప్పాడు. నేను చదివినవే, వీడియోల్లో విన్నవే, కానీ ఆ ఉదయం దెబ్బ తిన్నాక వింటే వేరుగా ఎక్కాయి. ప్రొపెల్లర్ తోసే గాలి రెక్క మీద నుంచి, తోక మీద నుంచి పోతుంది. థ్రాటిల్ ఇచ్చిన క్షణంలోనే తోకకు పట్టు దొరుకుతుంది. జెట్‌లో ఆ గాలి వెనక గొట్టంలోంచి పోతుంది. తోకకు అందేది విమానం వేగం వల్ల వచ్చే గాలి ఒక్కటే. పైగా ఆగిపోయిన ఫ్యాన్ తిరిగి అందుకోవడానికి సెకను దాకా పడుతుంది. ల్యాండింగ్‌కి వచ్చే వేగం గంటకు యాభై ఐదు కిలోమీటర్లు అనుకుంటే ఆ ఒక్క సెకనులో విమానం పదిహేను మీటర్లు పోతుంది. ఇంధనంతో నడిచే టర్బైన్ అయితే ఇంకా ఆలస్యం. కాబట్టి ఫ్యాన్‌ని ఆగనివ్వకూడదు. చక్రాలు నేలను తాకేదాకా కొంత థ్రాటిల్ ఉండి తీరాలి.

"మరి అంత థ్రాటిల్ ఉంటే దిగదు కదా అన్నయ్యా, రోడ్డు పొడుగునా తేలుతూ పోతుంది" అన్నాను.

"అందుకే ఫ్లాప్స్, అందుకే చక్రాలు. అవి నిన్ను వెనక్కి లాగుతాయి, నువ్వు థ్రాటిల్‌తో ముందుకు లాగు. రెండూ సమానంగా లాగినప్పుడు అది నీ మాట వింటాది."

ఈ మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఫ్లాప్స్, రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు, వేగం తగ్గించడానికనే అనుకున్నాను. ఫ్యాన్‌ని తిప్పుతూ ఉంచడానికి వీలిచ్చేవి కూడా అవేనని నాకు తట్టలేదు. ఎత్తు తగ్గాలన్నా పెరగాలన్నా థ్రాటిల్, వేగానికి ఎలివేటర్. నా వేళ్లు దీన్ని తిరగేసి చేస్తున్నాయి.

సాయంత్రం వలస పక్షులను చూడటానికి తేలినీలాపురం వెళ్లాం. నౌపడ దాకా రోడ్డు పోర్టు లారీలతో అధ్వానంగా ఉంది, దాని గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. ఊరివాళ్లు పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. నేను మాత్రం రెండు గంటలూ ఒక్కటే చూశాను, ఎలా దిగుతున్నాయో. కొంగ చెట్టుకు చాలా దూరంలోనే కాళ్లు కిందికి వేలాడేస్తుంది. ఆ కాళ్లకు గాలి తగిలి వేగం తగ్గుతుంది. అది అచ్చం మనం చక్రాలు ముందుగా దించడమే. గూడబాతు ఇంకో రకం. చెట్టు కంటే కిందుగా వచ్చి, చివర్లో పైకి లేచి, రెక్కలు ఎదురుగా రెండు మూడుసార్లు గట్టిగా కొట్టి కొమ్మ మీద కూర్చుంటుంది. అది చూసి మోసపోకూడదు. ఆ చివరి రెక్కల దెబ్బ దాని చేతిలో ఉంది, మన విమానానికి లేదు. నేను పొద్దున ఆఖరి క్షణంలో థ్రాటిల్ తోసి అదే చేయబోయాను.

ముక్కనుమ పొద్దున మళ్లీ వెంచర్‌కి వెళ్లాం. ఆర్చి దగ్గర ఒక ముసలామె ఉడికించిన తేగలు గంపలో పెట్టుకుని హైవే బస్సుల కోసం కూర్చుని ఉంది. కట్ట యాభై. హైదరాబాద్‌లో ఇదే కట్ట, ఎండిపోయినది, నూట ఇరవై. రెండు కట్టలు కొన్నాను. పెట్టె తెరవగానే గంప అక్కడే వదిలి మా వెనకే వచ్చింది.

"ఏటి బావూ, ఇది నిజంగా ఎగుర్తాదా?"

ఎగరేశాను. ఆమె కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మెడ తిప్పుతూ చూసింది. ఈసారి టైమర్ మూడు నిమిషాలకే పెట్టాను. బ్యాటరీ నాలుగు నిమిషాలు వస్తుంది, ఆ మిగిలిన నిమిషం మొదటిసారి కుదరకపోతే మళ్లీ చుట్టి రావడానికి. మొదటిసారి కుదరలేదు. మలుపు దగ్గరగా తిప్పేశాను, విమానం ఎత్తుగా, వేగంగా వచ్చింది, నా బొటనవేళ్లు బిగుసుకుపోయాయి. ముక్కు కిందికి తోసి ఎలాగైనా దించాలని చెయ్యి లాగుతోంది. అన్నయ్య "పోనీ, పోనీ" అన్నాడు. థ్రాటిల్ ఇచ్చి చుట్టూ తీసుకెళ్లాను.

"ఎగిరినప్పుడు నిమ్మళంగా ఎగిరినాది గదా బావూ, దిగేటప్పుడేటి అంత కంగారు?" అంది ఆమె.

ఆమె నన్ను తప్పు పట్టలేదు, నిజంగానే అడిగింది. జవాబు చెప్పే టైం లేదు. కానీ ఆ మాట వినగానే భుజాలు కిందికి దిగాయి, నాకే తెలిసింది.

ఈసారి దూరంగా వెళ్లనిచ్చాను. రోడ్డుకు సమాంతరంగా వస్తూనే చక్రాలు, సగం ఫ్లాప్స్. మలుపు వెడల్పుగా. రోడ్డుకు ఎదురుగా తిరిగాక పూర్తి ఫ్లాప్స్. ముక్కు కాస్త పైకి, థ్రాటిల్ సగానికి దగ్గరలో. ఫ్యాన్ ఈల పెరగడం లేదు, తగ్గడం లేదు. ఎలివేటర్‌ని కదపలేదు. కొంచెం కిందికి పోతే థ్రాటిల్ ఒక గంటు ఎక్కువ, పైన ఉంటే ఒక గంటు తక్కువ. ఆర్చి దాటింది. మొదటి ప్లాటు రాయి దాటింది. మోకాలెత్తుకి వచ్చాక విమానం కింద మెత్తటి గాలి పరుపు ఉన్నట్టు దిగడం మానేసి తేలింది. నేలకు దగ్గరైతే రెక్కకు దొరికే ఆసరా అది. అప్పుడు థ్రాటిల్‌ని ఒక్కో గంటే వెనక్కి తీశాను, ఎలివేటర్‌ని వెంట్రుకవాసి లాగాను. ఎండలో తారు మీద విమానం నీడ పక్క నుంచి జరుగుతూ చక్రాల కిందికి వచ్చి కలిసింది. చుర్ మని చిన్న చప్పుడు. వెనక చక్రాల నుంచి రెండు పాయల సన్నటి దుమ్ము. ముక్కు ఇంకా పైనే ఉంది. దాన్ని నేను కిందికి నొక్కలేదు. వేగం తగ్గేకొద్దీ అదే వంగి, డ్రిల్ బిట్ పిన్ను ఉన్న ముందు చక్రాన్ని తారు మీద ఆనించింది. అలా మా ముందు నుంచే దొర్లుకుంటూ పోయి ఆగింది.

గోపాలపట్నం మేడ మీద చెట్ల వెనక మాయమైపోయేది ఆ ఆఖరి ముక్కే. ఇన్నేళ్లకు దాన్ని పూర్తిగా చూశాను.

బ్యాటరీ చూస్తే సెల్‌కు 3.7 వోల్టుల చిల్లర ఉంది. చెయ్యి వణుకుతుంటే అన్నయ్యే కనెక్టర్ ఊడదీశాడు. ముసలామె దగ్గరికొచ్చి, అడిగి, విమానం రెక్క మీద వేలితో రాసి చూసింది. థర్మాకోలేనా అని ఆశ్చర్యపోయింది. హైవే మీద పలాస బస్సు ఒకటి ఆగి, కాస్త ఆగి, తేగల గంప దగ్గర ఎవరూ లేకపోయేసరికి వెళ్లిపోయింది. పిలిచి చూపించాను.

"పోనీలే, ఇంకోటొస్తాది. ఇంకో బ్యాటరీ ఉన్నాదన్నావు కదా బావూ?" అని, రోడ్డు పక్కన ప్లాటు రాయి మీద కూర్చుంది.