తాతయ్య పేరు పక్కన ఒక సంవత్సరం

మా తాతయ్య మూడు నాటకాలు రాశారు. వైద్యం మీద ఒక్క ముక్క రాయలేదు. అయినా వయాఫ్ అనే ఆన్‌లైన్ పట్టికలో ఆయన పేరు వెతికితే నాటకాల కింద మూలికా వైద్యం పుస్తకాలు రెండు కనిపించాయి. అదే ఇంటిపేరు, అదే పేరు ఉన్న ఇంకెవరో వైద్యులవి.

దేశదేశాల జాతీయ గ్రంథాలయాలు తమ రచయితల పేర్ల పట్టికలు తెచ్చి కలిపిన చోటు ఈ వయాఫ్. 2003లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జర్మనీ జాతీయ గ్రంథాలయం, గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ ఒప్పందం చేసుకుని మొదలుపెట్టాయి. 2007లో ఫ్రాన్స్ చేరింది. ఎవరి పట్టిక వాళ్లదే, ఎవరి స్పెల్లింగు వాళ్లదే. ఒకే మనిషివి అనిపించినవాటిని కంప్యూటరు గుదిగుచ్చుతుంది. ఎవరికీ పెద్దరికం కట్టబెట్టని ఈ పొత్తు నాకు నచ్చింది, తప్పు దిద్దించుకోవాల్సి వచ్చేదాకా! "పట్టిక ఇచ్చిన గ్రంథాలయాన్నే అడగండి" అన్నారు వయాఫ్ వాళ్లు.

ఆ గ్రంథాలయం అమెరికాలో ఉంది. పి.ఎల్. 480 అనే అమెరికా చట్టం కింద వచ్చిన గోధుమలకు మనం కట్టిన రూపాయలతో 1960ల్లో అక్కడి గ్రంథాలయాలకు మన పుస్తకాలు కొనేవారు. తాతయ్య నాటకాలూ అలాగే ఓడెక్కి ఉంటాయి.

ఈమెయిల్ పెట్టాను. అక్కడి లైబ్రేరియన్ మర్యాదగానే జవాబిచ్చారు: ఇద్దరూ వేరని ఆధారం కావాలి, పుట్టిన సంవత్సరం దొరికితే పేరు పక్కన అదే వేస్తాం.

తాతయ్యకు బర్త్ సర్టిఫికెట్టా! బళ్లో వేసిన తేదీ అయ్యవారి నోటికొచ్చింది. చివరికి అత్తయ్యకు ఫోన్ చేస్తే, "పెట్టె అడుగున నాన్న షష్టిపూర్తి సంచిక ఉండాలిరా" అంది. ఉంది. కానీ అందులో "రౌద్రి నామ సంవత్సరం, భాద్రపదం" అని మాత్రమే!

ఆ పేజీ ఫొటో పంపితే అటునుంచి ప్రశ్న: అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరుతో ఏడాది ఎలా తేల్చారు? సంచిక అచ్చయింది 1980లో, అదీ రౌద్రే. అరవై నిండి పుట్టిన ఏడాది పేరే మళ్లీ వచ్చినందుకే మేం ఆ పండగ చేస్తాం, కాబట్టి 1920 అని రాశాను. నాటకాల ముఖపత్రాల ఫొటోలూ జతచేశాను. మూడు వారాలకు ఒప్పుకున్నారు. వయాఫ్‌లో విడిపోవడానికి ఇంకో నెల పట్టింది.

వైద్యుడిగారి పేరు పక్కన ఇంకా ఏ సంవత్సరమూ లేదు. ఆయన పుస్తకాల ముందుమాటలు తిరగేశాను, దొరకలేదు. ఆయన ఇంట్లోనూ ఎక్కడో ఒక పెట్టె ఉండే ఉంటుంది.