ఫ్లాట్‌వౌండ్ తీసి రౌండ్‌వౌండ్ వేశాక వచ్చిన రొద

ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన రేకు చుట్టిన) తీగలకు అలవాటుపడిన చేతులతో బాస్ గిటార్ మీద రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినవి) వాయిస్తే మొదట్లో స్వరం కన్నా రొదే ఎక్కువ వినిపిస్తుంది. వేలు జరిపితే కీచు, కాస్త గట్టిగా మీటితే ఫ్రెట్ల (మెట్ల) మీద టకటక, ముట్టుకోని తీగ వెనకాల సన్నగా మోగడం. మూడూ వేరే జబ్బులు, మందులూ వేరే. నేను ముందు చేసిన పొరపాటు మూడింటికీ కలిపి యాంప్‌లో ట్రెబుల్ కోసెయ్యడం. తీగలు మార్చిన ఫలితం పోయింది గానీ టకటక అలాగే ఉంది.

అందుకని యాంప్ ఆపేసి, చెవి బాస్ కొమ్ముకు ఆనించి, ఒక్కో తీగను ఒక్కో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటి చూశాను. గరగర మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే వస్తే నెక్ మరీ తిన్నగా అయిపోయినట్టు. 12 దాటాక వస్తే తీగల ఎత్తు చాలనట్టు. నొక్కకుండా వదిలిన తీగ ఒక్కటే గరగరమంటే నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) గాడిని అనుమానించాలి. నాకు వచ్చింది మొదటిది.

కారణం లాగుడు. ఒకే మందంలో చాలా ఫ్లాట్‌వౌండ్ సెట్లు రౌండ్‌వౌండ్ కన్నా గట్టిగా లాగుతాయి (అన్నీ కాదు, మెత్తటి ఫ్లాట్‌వౌండ్లూ ఉన్నాయి). ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) ఆ పాత లాగుడుకు తగ్గట్టు బిగించి ఉంటుంది. తీగలు వదులైనవి వేస్తే రాడ్‌దే పైచేయి అయి నెక్ వెనక్కి వంగుతుంది, తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి. కొలవడానికి మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర లావు తీగను నొక్కి, 8వ ఫ్రెట్ పైన సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూర్చాలి. 9.5 నుంచి 12 అంగుళాల రేడియస్ (నెక్ పైభాగం అడ్డంగా తిరిగే వంపు) ఉన్న నెక్‌కు ఫెండర్ కంపెనీ చెప్పే సందు 0.012 అంగుళాలు, అంటే సుమారు 0.3 మి.మీ. నా దాంట్లో 0.1 మి.మీ. రేకు కూడా తీగకు రాసుకుంటూ దూరింది. రాడ్‌ను ఎనిమిదో వంతు తిప్పు వదులు చేసి, శ్రుతి చేసి, మళ్లీ కొలిచాను. ఇలా రెండుసార్లు చేసి మర్నాటి దాకా వదిలేశాను. చెక్క వెంటనే కుదురుకోదు, ఒకేసారి అర తిప్పు తిప్పేస్తే రేపటికి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. అది కుదిరాకే శాడిళ్లు (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగను మోసే ముక్కలు) ముట్టుకున్నాను: 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ వైపు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. చివరగా 12వ ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్, అంటే నొక్కిన స్వరం శ్రుతిలో ఉందో లేదో సరిచూడటం.

ఇంత చేసినా డీ తీగ నుంచి జుమ్మనే జీర పోలేదు. తంబురా బ్రిడ్జ్ మీద దారం జరిపి కావాలని తెప్పించుకునే నాదం లాంటిదే, ఇక్కడ మాత్రం పిలవని చుట్టం. తీగను పోస్టుకు (శ్రుతి బిరడా కడ్డీకి) ఒకే చుట్టు చుట్టాను, అది పోస్టు పై అంచునే ఉండిపోయింది. దాంతో నట్ మీద నుంచి దిగే వంపు చాలక తీగ గాడిలో కదులుతోంది. పోస్టు దాటి 10–12 సెం.మీ. వదిలి, తీగను నిలువుగా మడిచి, ఆ మడత తర్వాతే కత్తిరించాలి. మడవకుండా కోస్తే చుట్టు లోపలి తీగ మీద వదులైపోతుంది. రెండు మూడు చుట్లు పైనుంచి కిందికి దిగాలి. తర్వాత శాడిల్ ముందు, నట్ ముందు బొటనవేలితో తీగను కిందికి అదమాలి. శాడిల్ మీద తీగ గుండ్రంగా వంగకుండా కోణంగా దిగితే గరగర సగం అక్కడే పోతుంది. శాడిల్ ఎత్తు మరల్లో ఏదైనా బరువు మోయకుండా ఖాళీగా ఉంటే అదీ గిలకలా మోగుతుంది. వేలితో అదిమి చూస్తే దొంగ దొరికిపోతుంది.

ఇక కీచు. రౌండ్‌వౌండ్ తీగ ఆకురాయి లాంటిది. పై చుట్టు 0.4 మి.మీ.కి ఒకటి చొప్పున ఉందనుకుందాం. 34 అంగుళాల బాస్ మీద 5వ ఫ్రెట్ నుంచి 7వ ఫ్రెట్‌కు దాదాపు 70 మి.మీ. ఆ దూరాన్ని వేలు 0.2 సెకన్లలో జారితే సుమారు 175 గట్లు దాటుతుంది, అంటే సెకనుకు 900 దాకా. చెవికి బాగా తగిలే చోటే ఆ కూత పుడుతుంది, వేగంగా జరిపితే ఇంకా పైకి పోతుంది. ఫ్లాట్‌వౌండ్ మీద పై చుట్టు చదునైన రేకు కాబట్టి ఆ గట్లే ఉండవు, వేలు జారడం అక్కడ తప్పు కాదు.

ఇక్కడ తప్పే. జరిగే ముందు వేలి ఒత్తిడి పూర్తిగా వదలాలి, అయితే తీగ మీద నుంచి ఎత్తకూడదు. ఎత్తితే వదిలిన తీగ మోగుతుంది. వేలి కొన బదులు మెత్తటి భాగం ఆనేలా కొంచెం పడుకోబెట్టి జరిపితే కీచు ఇంకా తగ్గుతుంది. పక్క తీగకు మారి అదే స్వరం అందుకోగలిగితే జరగనే అక్కర్లేదు, 5వ ఫ్రెట్ పద్ధతిలో (ఒక తీగ 5వ ఫ్రెట్ స్వరమే పక్క సన్న తీగను నొక్కకుండా మీటినా వస్తుంది) నాకు సగం జరుగుళ్లు అలాగే తప్పాయి. కుడి బొటనవేలు పికప్ (తీగల కింద వాటి కదలికను పట్టే భాగం) మీదే పాతుకుపోకుండా, వాయించే తీగకు పైనున్న తీగ మీదికి దిగుతూ రావాలి. వెనకాల మోగడం దీనితోనే పోయింది. కుడి వేళ్లు తీగను చెక్క వైపు గుచ్చకుండా, పక్క తీగ వైపు లాగి దాని మీద ఆగితే టకటక కూడా తగ్గుతుంది.

టోన్ సంగతి చివర్న. పికప్ మరీ పైకి ఉంటే తీగ దానికి తగిలి టప్పుమంటుంది, కొంచెం దించాను. టోన్ నాబ్‌ను మూడో వంతు మూశాను. కంప్రెసర్ మాత్రం జాగ్రత్త: సద్దు తగ్గిన చోట దాన్ని పైకి లేపుతుంది, కీచు వచ్చేది సరిగ్గా అక్కడే. కొంత గరగర ఉండనివ్వండి. డ్రమ్స్ కలిస్తే వినపడదు, పైగా 1960ల్లో ఈ స్టీల్ రౌండ్‌వౌండ్లు పేరు తెచ్చుకున్నది ఆ మెరుపుతోనే. నికెల్ పూత తీగలు స్టెయిన్‌లెస్ కన్నా మెత్తన. అరగదీసిన హాఫ్‌రౌండ్లు మధ్యస్థం.

నైలాన్ టేప్ తీగల వైపు వెళ్లేవారికి చప్పుడు తగ్గుతుంది గానీ, హమ్ (యాంప్‌లో వినిపించే కరెంటు మోత) ఎక్కువైనట్టు అనిపిస్తుంది. మామూలు తీగను ముట్టుకుంటే ఒళ్లు బ్రిడ్జ్ గ్రౌండ్‌తో కలిసి హమ్ తగ్గుతుంది. నైలాన్ మీద వేలికి లోహం తగలదు. తీగలో లోపం లేదు. బాస్ లోపల వైర్లుండే గుంతకు రాగి టేపు అంటించి గ్రౌండ్‌కు కలపాలి, లేదా అరచేతి అంచు బ్రిడ్జ్‌కు ఆనించి వాయించాలి.