వాయుగుండం వెనకాలే కాకినాడ నుంచి హైదరాబాద్‌కు

2020 అక్టోబర్ 13 ఉదయం ఆరున్నర, ఏడున్నర మధ్య తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఊళ్లో అందరూ గండం గడిచిందనుకున్నారు. నాకు మాత్రం అసలు ఆసక్తి అక్కడే మొదలైంది. తీరం దాటాక ఇలాంటివి నేల మీద ఎలా నడుస్తాయో దగ్గర నుంచి చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఎలాగూ హైదరాబాద్ తిరిగి వెళ్లాలి. కరోనా వల్ల రైళ్లు అరకొరగా నడుస్తున్నాయి. బాబాయ్ కారు తీస్తానన్నాడు. వాయుగుండం వెళ్లేదీ పడమరకే, మేం వెళ్లేదీ పడమరకే.

"గాలి తగ్గిపోయింది కదరా, ఇంకేం చూస్తావ్?" అన్నాడు బాబాయ్. ఆయన 1996 నవంబర్ తుఫానును కళ్లారా చూసిన మనిషి. కొబ్బరిచెట్లు విరక్కపోతే ఆయన లెక్కలో అది తుఫానే కాదు.

వాతావరణ శాఖ లెక్క కూడా గాలి మీదే ఉంటుంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 అందుకుంటే తుఫాను. పేరు పెట్టేది అప్పుడే. మేం వెంటపడినది ఆ మెట్టు ఎక్కలేదు కాబట్టి దానికి పేరు కూడా లేదు. కానీ వాన ఈ మెట్ల ప్రకారం కురవదు. నేల మీదికి రాగానే చెట్లు, గుట్టలు, ఇళ్లు తగిలి గాలి వేగం పడిపోతుంది. సుడి మాత్రం అంత తొందరగా ఆగదు. కరెంటు పోయినా ఫ్యాను కాసేపు తిరుగుతూనే ఉన్నట్టు. ఆ తిరిగినంతసేపూ బంగాళాఖాతం నుంచి తేమను లాక్కుంటూనే ఉంటుంది. పైగా ఆ ఏడాది అక్టోబర్ సగానికి వచ్చినా నైరుతి రుతుపవనాలు తెలంగాణను వదల్లేదు. నేల నానిపోయి ఉంది, చెరువులు నిండి ఉన్నాయి.

నా దగ్గరున్న సరంజామా ఫోన్ ఒక్కటే. అందులో రాడార్ చిత్రాలు చూసుకోవచ్చు, గాలి పీడనం కొలిచే సెన్సర్ కూడా ఉంది. ఈ సెన్సర్‌తో ఒక చిక్కుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ, సుమారు ఎనిమిది తొమ్మిది మీటర్లకు ఒక మిల్లీబార్ చొప్పున, పీడనం దానంతటదే తగ్గుతుంది. కాకినాడ సముద్రమట్టం దగ్గర ఉంటే హైదరాబాద్ అయిదు వందల మీటర్ల పైన ఉంది. దారి పొడవునా అంకె పడిపోతూనే ఉంటుంది, అందులో వాయుగుండం వాటా ఎంతో తేలదు. అందుకే బండి ఆగిన చోటల్లా అరగంట కదలకుండా కూర్చుని అంకెలు రాసుకున్నాను. ఆ అరగంటలో అంకెలో వచ్చిన తేడా ఎత్తుది కాదు. వాయుగుండం ఉన్నా లేకపోయినా సాయంత్రం నాలుగు ప్రాంతంలో పీడనం కాస్త తగ్గుతుంది, అదీ తీసేయాలి. నేను లెక్కలు వేసుకుంటుంటే బాబాయ్ ఓపిగ్గా టీలు తాగాడు.

రాజమండ్రి, విజయవాడ ఒక మోస్తరు వానలోనే దాటేశాం. కోదాడ వచ్చేదాకా మచిలీపట్నం రాడార్ చూశాను, తర్వాత హైదరాబాద్ రాడార్‌కు మారాను. సూర్యాపేట దగ్గర ఆగినప్పుడు తెర మీద కనిపించింది చూసి నాకు టెన్షన్ మొదలైంది. గుండ్రటి సుడి ఆకారం చెదిరిపోయింది. కానీ జోరు వానకు గుర్తైన పసుపు, ఎరుపు మచ్చలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి నగరం మీదికే పోతున్నాయి. ఒకటి దాటేలోపు ఇంకోటి.

చౌటుప్పల్ చేరేసరికి వైపర్లు పూర్తి వేగంతో తిరుగుతున్నా అద్దం ముందు ఏమీ కనబడటం లేదు. పక్క చేల నుంచి ఎర్రమట్టి నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి. ఆ పారకంలో ఒక చెప్పు, ఒక నీళ్ల క్యాను, వేర్లతో సహా ఒక కందిమొక్క కొట్టుకుపోవడం హెడ్‌లైట్ వెలుగులో చూశాను. గాలి చూద్దామంటే చెట్టు కొమ్మ కూడా గట్టిగా ఊగడం లేదు. బాబాయ్ అది గమనించి, "గాలి లేకుండా ఇంత వానేంట్రా" అన్నాడు.

దాబా ఆయన మమ్మల్ని ఆపేశాడు. "పోకుండ్రి అన్నా, ముంగట ఇనాంగూడ కాడ రోడ్డు మీదికెళ్లి నీళ్లు పోతున్నయ్. కార్లు కొట్కపోతున్నయంట." ఆ రాత్రి దాబా బెంచీల మీదే ఉన్నాం. ఆ మనిషి చెప్పకపోతే మేం ఆ నీళ్లలోకే వెళ్లి ఉండేవాళ్లం. మాతోపాటు ఆగిన లారీ డ్రైవర్లకు అన్నం వండిపెట్టి పైసా తీసుకోలేదాయన.

మర్నాడు ఆగుతూ ఆగుతూ నగరంలోకి వెళ్లాం. సరూర్‌నగర్ పక్క కాలనీల్లో జనం మోకాళ్ల లోతు నీళ్లలో బియ్యం బస్తాలు మోసుకొస్తున్నారు. మూసారాంబాగ్ వంతెన మీద నుంచి మూసీ పారుతోంది. బేగంపేటలో దాదాపు 192 మిల్లీమీటర్లు కురిసింది. అక్టోబర్‌లో ఒక్కరోజు వానకు అంతకు ముందున్న రికార్డు 1903 నాటి 117. ఘట్‌కేసర్ దగ్గరైతే 32 సెంటీమీటర్లు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవే కోసుకుపోయింది. పాతబస్తీ వైపు గోడ కూలి నిద్రలో ఉన్నవాళ్లు చనిపోయారు. 1908 వరద తర్వాత ఈ ఊరిని కాపాడటానికే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి మూసీని పట్టుకోగలవు గానీ, ఊళ్లోనే కురిసి నాలాల్లో పట్టని నీళ్లను ఏం చేయగలవు? చెరువుల కడుపులో ఇళ్లు కట్టనిచ్చినవాళ్లే దానికి జవాబు చెప్పాలి. నాకైతే ఈ విషయంలో కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంటికి చేరి మళ్లీ ఫోన్ తీశాను. వాయుగుండం గుల్బర్గా దాటి సోలాపూర్ వైపు పోతోంది. మా ఆవిడ మేనమామ అక్కడే ఉంటారు, చద్దర్ల మగ్గాలు నడుపుతారు. ఫోన్ చేస్తే, పొద్దుటి నుంచీ ముసురుగా ఉందన్నారు. నూలు మూటలన్నీ షెడ్డులో నేల మీదే ఉన్నాయట.

"గాలేం లేదు కదా అల్లుడూ, చూద్దాంలే," అన్నారు.

"గాలి సంగతి వదిలేయండి మావయ్యా. చీకటి పడేలోపు మనుషుల్ని పిలిచి మూటలన్నీ పై అంతస్తుకు ఎక్కించండి. వానొస్తోంది," అన్నాను.