గోదావరి ఆకారాన్ని ఒక్క అంకెలో కొలవొద్దు

పరీవాహక ప్రాంతం గుండ్రంగా ఉంటే వరద ఒక్కసారిగా లేస్తుంది. సన్నగా, పొడవుగా ఉంటే నింపాదిగా వచ్చి ఎక్కువసేపు నిలుస్తుంది. గుండ్రటి చోట అన్ని మూలల నీళ్లూ ఇంచుమించు ఒకే వేళకు కిందికి చేరడమే కారణం. 100 చదరపు కిలోమీటర్ల మీద 1 సెంటీమీటరు నీరు పారితే 10 లక్షల ఘనపు మీటర్లు. అది 4 గంటల్లో దిగితే సగటున సుమారు 2,450 క్యూసెక్కులు, 8 గంటల్లో దిగితే అందులో సగం. ఒక కల్వర్టు నిలవడానికీ కొట్టుకుపోవడానికీ ఈ తేడా చాలు.

ఈ ఆకారాన్ని కొలవడానికి అమెరికా జలశాస్త్రవేత్త హార్టన్ 1932లో ఇచ్చిన కొలత ఆకార గుణకం. విస్తీర్ణాన్ని పరీవాహక ప్రాంతం పొడవు వర్గంతో భాగించాలి. వృత్తానికి 0.785 వస్తుంది, ఆకారం సన్నబడే కొద్దీ తగ్గుతుంది. చాలామంది పొడవు దగ్గరే తప్పుతారు, మెలికలు తిరిగే నది పొడవు వేసేస్తారు. గోదావరి విస్తీర్ణం 3,12,812 చదరపు కిలోమీటర్లు. నది పొడవు 1,465 కిలోమీటర్లు వేస్తే 0.15, పరీవాహక ప్రాంతం పొడవు 995 వేస్తే 0.32. ఒకే నదికి రెండింతల తేడా!

చుట్టుకొలతతో లెక్కించే వృత్తత్వ నిష్పత్తిలో (విస్తీర్ణాన్ని అంతే చుట్టుకొలత ఉన్న వృత్తం విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది) ఇంకో చిక్కుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుల రాస్టర్ (చదరపు గళ్ల పటం) నుంచి సరిహద్దు తీస్తే గీత మెట్లుమెట్లుగా వస్తుంది. నిఖార్సయిన వృత్తానికి కూడా చుట్టుకొలత 27 శాతం పెరిగి, 1 రావలసిన నిష్పత్తి 0.62కు పడిపోతుంది. ముందు గీతను నునుపు చేయండి. విస్తీర్ణం, పొడవు డిగ్రీల్లో కాక మీటర్లలో ఉండే ప్రొజెక్షన్‌లో (భూగోళాన్ని చదునుగా పరిచే పటం పద్ధతిలో) తీయండి.

ఇంత జాగ్రత్తగా తీసినా, గోదావరి మొత్తానికి ఒకే అంకె ఇవ్వడం నాకు సమ్మతం కాదు. 0.32 చూస్తే వరద నింపాదిగా వచ్చే నది అనిపిస్తుంది. త్ర్యంబకేశ్వరం నుంచి శ్రీరాంసాగర్ దాకా నిజంగానే అది పొడవాటి చెయ్యి. అక్కడి నుంచి కిందికి విసనకర్ర విచ్చుకుంటుంది. మొత్తం విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా ఉన్న ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, కాస్త దిగువనే ఇంద్రావతి. రెండూ కలిసేది శ్రీరాంసాగర్‌కు కిందే కాబట్టి, ఆ జలాశయం ఖాళీగా ఉన్నా ఈ నీటిని పట్టలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు రావడం వెనక ఈ విసనకర్ర ఉంది.

శబరి సంగతి వేరు. అది కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. అయినా శబరి పొంగినప్పుడు గోదావరి నీరు ఎగదన్ని భద్రాచలం దగ్గర మట్టం తగ్గనివ్వదు. ఆ కింద పాపికొండల ఇరుకు ఉండనే ఉంది. అందుకే ఎగువన పేరూరు గేజి (నీటిమట్టం కొలిచే చోటు) ఒక్కటే చూసి అంచనా వేస్తే తప్పుతుంది, శబరి మీద కోంట గేజి కూడా చూడాలి.

లెక్క చేసేటప్పుడు ప్రతి సంగమం దగ్గరా పరీవాహక ప్రాంతాన్ని విడగొట్టి, ఒక్కో ఉపనది నీరు భద్రాచలం చేరే గంటలు విడిగా తీయండి. దాని మీద వాన కదిలే దిశ వేయండి. బంగాళాఖాతం వాయుగుండం మామూలుగా వాయవ్యంగా, అంటే నీటికి ఎదురు దిశలో పోతుంది. అలా పోతే దిగువ ఉపనదులు ముందే కొంత ఖాళీ అవుతాయి. అదే వాయుగుండం ఛత్తీస్‌గఢ్, విదర్భల మీద రెండు మూడు రోజులు కదలకుండా ఆగితే ఇంద్రావతి, ప్రాణహితల ఉధృతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. భయపడాల్సింది ఆ వానకే.