మా చిన్నతాత సంగతి

మాది అల్లూరు దగ్గర, రొయ్యల గుంటల పని. ఆ వేసవిలో నాకు నిద్రతో అవసరమే లేకుండా పోయింది. తెల్లవార్లూ గట్ల మీద తిరిగేవాణ్ణి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడులో కొత్త కొత్త లెక్కలు తోచేవి. ఇంట్లో అడక్కుండా ఇంకొన్ని గుంటలు లీజుకు మాట్లాడి అడ్వాన్సులిచ్చేశా. మొదట హుషారనుకున్నారు, తర్వాత గాలి సోకిందనుకున్నారు. అమ్మ ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయింది. ఆమెకు ఇప్పటికీ ఆ నమ్మకం ఉంది, దాంతో నాకు పేచీ లేదు.

నెల్లూరులో సైకియాట్రిస్టు బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు దిగులు. మెదడుకొచ్చే జబ్బని చెప్పారు.

"అట్టయితే స్కానింగ్ తీయండి సార్, తెలిసిపోద్ది గదా" అన్నాడు నాయన.

డాక్టరు నవ్వలేదు. గడ్డో, రక్తస్రావమో అయితే స్కానింగ్‌లో కనపడుద్ది, ఇక్కడ తేడా మెదడు పనిచేసే తీరులో ఉంది, దాన్ని ఫొటో చూసి తేల్చే పద్ధతి ఇంకా రాలేదన్నారు. అందుకే చాలాసేపు మావాళ్లనే అడిగారు: నిద్ర ఎప్పుడు తగ్గింది, ఖర్చులెట్టా ఉన్నాయి, మీ వంశంలో ఎవరికైనా ఇట్టా ఉండిందా?

అప్పుడు ఎత్తాడు నాయన, వాళ్ల చిన్నాయన సంగతి. ఉన్నట్టుండి ఎడ్లను అమ్మేసి ఊరందరికీ పంచిపెట్టినాయన. కొట్టంలో కట్టేసేవాళ్లంట. "పొగరనుకున్నాం సార్" అన్నాడు. అట్టాంటి తాత ఒకాయన ఉన్నాడని నేను వినడం అదే మొదలు.

లిథియం మొదలుపెట్టారు. అదొక లవణం. ఈ జబ్బుకు పనిచేస్తుందని 1949లోనే ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ రాశాడు. రక్తంలో ఈ మందు లీటరుకు 0.6కీ 1.0కీ మిల్లీమోల్స్ మధ్య ఉండాలన్నారు, బాగా దాటితే విషమే. రాత్రి మాత్ర వేసుకున్నాక 12 గంటలకు రక్తం ఇవ్వాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు సరేసరి. మా ఎండల్లో చెమటోడి ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో మందు పెరుగుద్ది, కాబట్టి నీళ్లసీసా వదలను, ఉప్పు మానను. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ కొని మింగడం కూడా అందుకే బంద్. ఈ మందుకు చేతులు సన్నగా వణుకుతాయి, మేత తూచేటప్పుడు కూలీలు చూస్తారు. చూడనీ.

హుషారు దిగాక మంచం పట్టాను. ఆ నెలల గురించి రాయడానికేం లేదు, అప్పుడేమీ జరగదు.

లీజుల సంగతి నాయనే పోయి మాట్లాడాడు. ఒకాయన అడ్వాన్సు తిరిగిచ్చాడు, ఇంకొకాయన స్కానింగ్ రిపోర్టు చూపించమన్నాడు.

వంశంలో ఉంటే అవకాశం పెరుగుద్దేగాని అందరికీ రావాలని లేదని డాక్టరు మరీమరీ చెప్పారు. అయినా కావలిలో ఇంటర్ చదివే మా అన్న కొడుక్కి నాయన రోజూ పొద్దున్నే ఫోను: "రాత్రి పడుకున్నావా అబ్బయా?" పరీక్షలప్పుడు పిల్లోడు మేలుకోడా మరి! వాడేమో విసుక్కుంటాడు.