ఫోన్ బీరువాలో పెట్టిన రాత్రి

ఇంటర్ రెండో సంవత్సరంలో నాకొచ్చింది డిప్రెషన్. చుట్టాలు మాత్రం ఇప్పటికీ "ఫోన్ పిచ్చి తగ్గిందంట కదమ్మే" అనే పలకరిస్తారు. మొహమ్మీద చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

మాది కందుకూరు దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచీ నేను పెద్దగా మాట్లాడను. పెళ్లికి పోయినా ఓ మూల కూర్చుంటాను. అది నా తీరు, దాంతో నాకే బాధా లేదు. ఆ ఏడు సంక్రాంతి తర్వాత మొదలైంది వేరు. రాత్రి రెండైనా నిద్ర పట్టేది కాదు. చేపల పులుసు పెట్టినా ముద్ద దిగేది కాదు. అమ్మ పిలిస్తే కస్సుమనేదాన్ని. నిద్ర రాక ఫోన్ తీస్తే, ఒక్క ఏడుపు రీలు చూసిన పాపానికి ఇన్‌స్టాగ్రామ్ వెనకాలే ఇంకో పది తెచ్చి పెట్టేది. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అందరి మార్కులూ. ఫోన్ నాకు మేలు చేసిందని అనను. కానీ ఒంగోలులో ఉన్న నా టెన్త్ స్నేహితురాలు రోజూ "తిన్నావా" అని అడిగేదీ అందులోనే.

మేం మొదట పోయిన డాక్టరు నా వైపు సరిగ్గా చూడను కూడా లేదు. బలానికి మాత్రలు రాసి, "ఫోన్ లాగేసుకోండి, అదే దారికొస్తుంది" అన్నాడు. నిద్రపోతోందా, తింటోందా అని ఒక్క మాట అడిగుండొచ్చు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆ రాత్రే నాన్న ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. కాసేపటికి గుండె దడ, చేతులు వణుకు, ఊపిరాడలేదు. బాబాయి గుమ్మంలో నిలబడి, "చూశారా, మందు దొరకని తాగుబోతు మాదిరి ఎట్ట వణకతా ఉందో" అన్నాడు. అందరూ అదే నమ్మారు. తెల్లారేదాకా ఆ ఆలోచనలతో ఒక్కదాన్నే ఉండాలని తలుచుకుని నేను వణుకుతున్నా.

జేజి అందర్నీ బయటికి పంపి తలుపు దగ్గరికేసింది. నా పక్కన చాప మీద కూర్చుని అరికాళ్లు రుద్దుతూ, "అమ్మే, చచ్చిపోదామనిపిస్తా ఉందా?" అని సూటిగా అడిగింది. అవునన్నాను. జేజి అరవలా, ఏడవలా. "సరే, నేను యాడికీ పోను" అని తన కొంగు నా చేతికి చుట్టి తెల్లార్లూ మేలుకునే ఉంది. పొగాకు ధర పడిపోయిన ఏడు తన తమ్ముణ్ణి ఆ మాట అడగలేకపోయిందట. చాలా రోజుల తర్వాత చెప్పింది.

పట్టుబట్టి నన్ను నెల్లూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయిందీ తనే. థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. "ఈ పిల్ల మొదట్నుంచీ ఇంతేనా, ఈమధ్య మారిందా?" అని ఆ మేడమ్ అడగ్గానే అమ్మ ఏడ్చేసింది. తక్కువ మాట్లాడటం జబ్బు కాదన్నారు. నిద్ర, తిండి, ఇష్టమైనవాటి మీద ఆసక్తి రెండు వారాలకు మించి పోతే చూపించాలట. ఈ వయసులో దిగులు చాలాసార్లు చిరాకుగా బయటపడుతుందట. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టదు, పెద్దామె సరైన పనే చేసింది అన్నారు. డిప్రెషన్‌కిచ్చే ఫ్లూఒక్సెటిన్ మాత్ర రాసి, గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందనీ, మొదట్లో పిల్లని కనిపెట్టుకుని ఉండమనీ చెప్పారు. ఫోన్ తిరిగి ఇప్పించారు. రాత్రిళ్లు మాత్రం ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టాలి, నాన్నది కూడా.

మొహర్రానికి నెల్లూరు దర్గా దగ్గర జరిగే రొట్టెల పండక్కి మేనత్త చదువు రొట్టె పట్టుకోమంది. ఏది కోరుకుంటే ఆ రొట్టె పట్టుకుని తినాలి, తీరితే మరో ఏడు అదే రొట్టె తెచ్చి ఇంకొకళ్లకి ఇవ్వాలి. అమ్మ వినకుండా స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. నాకు తగ్గింది మందుతోనే. ఆ రొట్టె కూడా కళ్లకద్దుకునే తిన్నాను.

మందు డాక్టరే మెల్లమెల్లగా తగ్గించి ఆపారు. బాగుంది కదా అని ఎవరూ సొంతంగా మానేయొద్దు. ఇంట్లో పిల్లలు ఇట్టా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో పెట్టారు. రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు.

ఈసారి మొహర్రానికి ఆరోగ్య రొట్టె ఇవ్వడానికి జేజితో కలిసి నెల్లూరు పోతున్నాం. బాబాయే కారు తీస్తానన్నాడు. ఆ రాత్రి అన్న మాట గురించి ఆయన ఇంతవరకూ ఎత్తలేదు, నేను మర్చిపోలేదు.